ట్యాంకు వెనకున్న ఇల్లు

రాత్రంతా నార్మండీ యుద్ధం ఫొటోలే చూస్తూ కూర్చున్నా, రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో జరిగింది. విలేర్ బొకాజ్ అనే ఊరు, 1944 జూన్ 13. రోడ్డు పొడుగునా కాలిపోయిన బ్రిటిష్ హాఫ్‌ట్రాక్‌లు (ముందు చక్రాలు, వెనక ట్యాంకు పట్టాలు ఉండే సైనిక బళ్లు), ఒకదాని వెనక ఒకటి. ఊళ్లో ఎక్కడికక్కడ ఆగిపోయిన బ్రిటిష్ క్రామ్‌వెల్ ట్యాంకులు. చాలావరకు జర్మన్ సైన్యం ఫొటోగ్రాఫర్లు గెలుపు చూపించుకోవడానికి తీసినవే. అందుకే కాబోలు, కెమెరా ఇనుము మీంచి కదలదు.

నా కళ్లు మాత్రం ట్యాంకు వెనకున్న ఇంటి దగ్గరే ఆగిపోయాయి. కిటికీ తలుపు ఒక్క బందు మీద వేలాడుతోంది. లోపలంతా చీకటి.

జూన్ 30న బ్రిటిష్ బాంబర్లు ఆ ఊరి మీద వెయ్యి టన్నులకు పైగా బాంబులు వేశాయి. ఆ తర్వాతి ఫొటోల్లో ఆ వీధి ఎక్కడుందో ఎంత వెతికినా పోల్చుకోలేకపోయాను. ఫొటోల కింద ట్యాంకు మోడల్ రాసి ఉంది, రెజిమెంటు పేరు రాసి ఉంది. ఆ ఇంట్లో ఎవరుండేవాళ్లో ఎక్కడా లేదు.