మానిటర్ వెలుగు ఇక కీబోర్డ్ మీదే

బెంగళూరు మారతహళ్ళిలో మా గది కిటికీ పడమర వైపు. సాయంత్రం దాకా ఎండ కొడుతుంది, ఆరున్నర దాటగానే తెర కళ్ళలో గుచ్చుకుంటుంది. రోజూ మానిటర్ వెనక బటన్లు తడుముకుంటూ మెనూలో వెలుగు తగ్గించాలి. ల్యాప్‌టాప్‌లో ఒక్క కీతో అయ్యే పని లైనక్స్ డెస్క్‌టాప్‌లో ఎందుకు కాదన్నది చాలా రోజులుగా నా బాధ.

ల్యాప్‌టాప్ తెర వెనక దీపాన్ని (బ్యాక్‌లైట్) లైనక్స్ గుండెకాయ అయిన కెర్నెల్ నేరుగా నడుపుతుంది. విడి మానిటర్‌లో ఆ పని మానిటర్ లోపలి సర్క్యూట్‌ది. తెర అమరికలు మార్చే ఎక్స్‌రాండర్ కమాండ్‌తో బ్రైట్‌నెస్ తగ్గిస్తే బొమ్మ మాత్రమే ముదురుతుంది, వెనక దీపం అంతే వెలుగుతుంది. అందుకే దానితో నాకు తృప్తి లేదు.

మా రూమ్మేట్, గుంటూరు అబ్బాయి, "డీడీసీయుటిల్ వేసి చూడరా" అన్నాడు. కంప్యూటర్ నుంచే మానిటర్ సెట్టింగులు మార్చే లైనక్స్ ప్రోగ్రాం అది. హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ కేబుళ్ళలో బొమ్మతో పాటు డీడీసీ/సీఐ అనే మాటామంతీ దారి కూడా ఉంటుంది. కంప్యూటర్ ఆ దారిలోనే మానిటర్‌కు ఆజ్ఞలు పంపుతుంది. ఆ దారిని ప్రోగ్రాములకు అందించే ఐ2సీ-డెవ్ అనే కెర్నెల్ మాడ్యూల్ లోడ్ చేసి, నా యూజర్‌కు దాన్ని వాడే అనుమతి ఇచ్చాను. వెలుగుకు కోడ్ 10. డీడీసీయుటిల్‌తో 'సెట్‌వీసీపీ 10 30', అంటే వెలుగు 30కి పెట్టు, అనగానే దీపం నిజంగా తగ్గింది! ఎంత హాయి అనిపించిందో.

ఇప్పుడు ఈ కమాండ్‌కు, వెలుగు పెంచడానికొకటి తగ్గించడానికొకటి, రెండు షార్ట్‌కట్ కీలు పెట్టుకున్నాను. కేడీఈ ప్లాస్మా 6 అనే లైనక్స్ డెస్క్‌టాప్ వాడేవాళ్ళకైతే చాలా మానిటర్లకు వెలుగు స్లైడరే వస్తుంది. మీ మానిటర్ పలకకపోతే దాని మెనూలో డీడీసీ/సీఐ ఆన్‌లో ఉందో లేదో ముందు చూడండి.