వయసు మీదకు నెట్టకండి

ఇప్పుడు కర్ర లేకుండా వంటింటి దాకా నడుస్తున్నాను కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. నాలుగు నెలల కిందట రాయమంటే తిట్లు తప్ప ఏమీ వచ్చేవి కావు.

మాది తిరుపతి, కొర్లగుంట. నాకు 71 ఏళ్లు. జనవరిలో ఒక రాత్రి మూడోసారి బాత్రూముకు లేచాను. ఆయన నిద్ర చెడుతుందని లైటు వేయలేదు. గడప దాటి తడి టైలు మీద కాలు పెట్టానో లేదో కళ్లు చీకట్లు కమ్మాయి. తుంటి నేలకు తగిలిన చప్పుడు నాకే వినిపించింది. చూస్తే ఎడమ పాదం పక్కకు తిరిగిపోయి, నాది కానట్టు పడి ఉంది.

పిలిచాను. పది అడుగుల దూరంలో ఆయన గురక పెడుతున్నారు, వినికిడి యంత్రం డబ్బాలో ఉంది. ఫోను హాల్లో చార్జింగులో ఉంది. చేతికి అందింది మగ్గు ఒక్కటే. దానితో బకెట్టును కొట్టాను. ప్లాస్టిక్ మీద ప్లాస్టిక్, ఏం మోగుతుంది? మా అత్తగారి ఇత్తడి చెంబును పాతకాలపుదని అటక ఎక్కించింది నేనే. తడిసిన చీరతో చలికి వణుకుతూ గోవిందనామాలు మొదలుపెట్టాను. ఎన్నిసార్లు మధ్యలో మరిచిపోయి మొదటికి వచ్చానో! ఎప్పుడూ తడుముకోని నామాలు ఆ రాత్రి నోటికి రాలేదు. ఇలాగే తెల్లవారకుండా పోతానేమో అనిపించింది.

కొండ మీద డ్యూటీకి వెళ్లే పైవాటా కుర్రవాడు నాలుగున్నరకు మోటారు వేయడానికి దిగి నా మూలుగు విన్నాడు. పెరటి తలుపు గడియ పాతది, రెండు తోపులకే ఊడింది. రెక్కలు పట్టి లేపకుండా, దుప్పటి కప్పి, 108కి ఫోను చేశాడు. ఆ బిడ్డకు అంత తెలివి ఎవరు నేర్పారో, వాళ్ల అమ్మ కడుపు చల్లగా ఉండాలి.

మొదట తీసుకెళ్లిన ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే చూసి, నా తల పక్కనే నిలబడి మా అబ్బాయితో, "ఈ వయసులో ఆపరేషన్ చేయించినా మంచమే. ఖర్చు ఎందుకో ఆలోచించుకోండి" అన్నాడు. విరిగింది తుంటి, నాయనా, చెవులు కాదు. మా అమ్మాయి ఇంకేమీ వినకుండా వేరే చోటికి మార్పించింది. అక్కడి డాక్టరు, పడుకోబెడితే పుండ్లు, నిమ్ము వస్తాయని మరునాడే తుంటి కీలులో కృత్రిమ బంతి అమర్చి, ఆ మరుసటి రోజే వాకర్ పట్టించి నిలబెట్టారు. ఆయనకు రోజూ దండం పెట్టుకుంటాను. మొదటి ఆయనకు ఏం పెట్టాలో ఇంకా తేల్చుకోలేదు.

పలకరించడానికి వచ్చిన ప్రతివారూ "వయసు కదా" అన్నారు. "రాత్రుళ్లు లేవకుండా ఉండాల్సింది వదినా" అంది మా ఆడపడుచు. ఉండగలిగితే ఉండనా?

అసలు సంగతి ఫిజియోథెరపీ చేసే అమ్మాయి పట్టుకుంది. పడుకోబెట్టి బీపీ చూస్తే పై అంకె 148. నిలబెట్టి చూస్తే 112. లేచి నిలబడగానే బీపీ పడిపోతోందన్నమాట, ఆ రాత్రి కళ్లు చీకట్లు కమ్మింది అందుకే. మాత్రలన్నీ తెమ్మని డాక్టరుకు చూపించింది. కొత్త బీపీ మాత్రలో మూత్రం ఎక్కువ పోయే మందు కలిసి ఉందట, దాన్ని రాత్రి మింగుతున్నాను. అది చాలదన్నట్టు, పక్కింటావిడ చెప్పిందని మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నిద్రమాత్ర. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ అద్దంలా మెరవాలని మా అబ్బాయి వేయించిన టైల్స్ మాటేమిటి? అవి వయసు వేయించిందా?

ఇప్పుడు బీపీ మాత్ర పొద్దున వేసుకుంటున్నాను, నిద్రమాత్ర లేదు. లేవగానే మంచం అంచున కాసేపు కూర్చుని, తల తిరగడం లేదని తెలిశాకే నిలబడతాను. రాత్రంతా చిన్న లైటు వెలుగుతుంది. కమోడు పక్కన గోడలోకి మరలు దించి పట్టుకునే కడ్డీ బిగించారు. తువ్వాలు ఆరేసే రాడ్డును నమ్ముకోకండి, మనిషి బరువుకు ఊడి చేతికి వస్తుంది. ఇత్తడి చెంబు అటక దిగింది.

మొన్న అలిపిరి పాదాల మండపం దాకా వెళ్లి కర్పూరం వెలిగించి వచ్చాను. ఒకప్పుడు ఆ 3,550 మెట్లూ నడిచి ఎక్కినదాన్నే.

మా ఆయన మాత్రం ఆ కడ్డీని ముట్టుకోరు. "పడింది నువ్వు కదా" అంటారు. ఆయన హవాయి చెప్పుల అడుగు అరిగి నున్నగా అయింది. రేపు చెత్తబండి వచ్చినప్పుడు అందులో వేసేస్తాను, వెతుక్కోనీ.