ఇద్దరు తాతల మనవడి ఊళ్ళో: డంకెల్డ్ నుంచి బ్లెయిర్ కోట దాకా

స్కాట్లండ్‌లో అథోల్ డ్యూకుల ఇల్లు చూడాలనుకునేవాళ్ళు చాలామంది నేరుగా బ్లెయిర్ కోటకే వెళ్ళిపోతారు. నేను అంతకు ముందే, డంకెల్డ్‌లో రైలు దిగాను. కోట గోడల మీద బొమ్మలుగా వేలాడే మనుషులు చేసిన పనులు ఇక్కడ నేల మీద కనిపిస్తాయి. ముందు అవి చూస్తే, కోటలో ఎవరు ఎవరికి ఏమవుతారో తేలిగ్గా అందుతుంది.

స్టేషన్ టే నదికి ఇవతల, బర్నమ్ వైపు ఉంది. ఊళ్ళోకి పావుగంట, ఇరవై నిమిషాల నడక. నది మీది రాతి వంతెన థామస్ టెల్ఫర్డ్ కట్టినది, 1809లో తెరిచారు. చాలావరకు డబ్బు పెట్టినవాడు 4వ డ్యూకు జాన్ మర్రే. ఆ ఖర్చు రాబట్టుకోడానికి పెట్టిన సుంకం మీద 1868లో జనం తిరగబడ్డారు. 1879లో గానీ అది పోలేదు.

ఊళ్ళో ముందుగా చూడాల్సింది కెథీడ్రల్ పక్కనున్న లార్చ్ చెట్టు. 2వ డ్యూకు జేమ్స్ 1738లో నాటించిన మొక్కల్లో ఇక్కడ మిగిలింది అదొక్కటే. లార్చ్ దేవదారు జాతిదే అయినా చలికాలంలో ఆకులన్నీ రాల్చేస్తుంది. డిసెంబరులో వెళ్ళినవాళ్ళు ఎండిపోయిన చెట్టనుకుని దాటిపోవడం ఇందుకే. దగ్గరికెళ్ళి ఒక రెమ్మని చూడండి. వరసగా చిన్న చిన్న బొడిపెలుంటాయి. వసంతంలో ఒక్కో బొడిపె నుంచి సూదుల్లాంటి లేతాకులు కుచ్చుగా లేస్తాయి. పసుపు రంగు చూడాలంటే అక్టోబరు చివర వెళ్ళాలి.

తాత నాటించిన చెట్టు మనవడికి ఎంత నచ్చిందంటే, 4వ డ్యూకు తన హయాంలో ఈ కొండల మీద కోటీ నలభై లక్షలకు పైగా లార్చ్‌లు నాటించాడు. ఓడలకి ఓక్ కలప దొరకడం కష్టమైన రోజులవి. లార్చ్ త్వరగా పెరుగుతుంది, దాని చేవ తడికి తట్టుకుంటుంది. పరీక్షగా ఆ కలపతో కట్టిన ‘అథోల్’ అనే యుద్ధనౌక 1820లో నీళ్ళలోకి దిగింది. మనిషి ఎక్కలేని క్రేగీబార్న్స్ బండల మీదికి రేకు డబ్బాల్లో విత్తనాలు నింపి ఫిరంగితో పేల్చారని ఇక్కడ చెప్పుకుంటారు.

ఊరి నుంచి మైలున్నర నడిస్తే హెర్మిటేజ్ అడవి. బ్రాన్ జలపాతం పైన 1757లో జాన్ మర్రే అనే కుర్రవాడు తన పెదనాన్న 2వ డ్యూకు కోసం కట్టించిన విడిది అక్కడుంది. 1783లో లోపల అద్దాలు బిగించి, నీళ్ళు నాలుగు వైపులా పడుతున్నట్టు కనిపించేలా మార్చారు. 1869లో ఎవరో మందు పెట్టి పేల్చేశారు. ఇప్పుడున్నది బాగుచేసిన రూపం. వానలు పడ్డ మర్నాడు వెళ్ళండి, ఎండాకాలంలో ధార బాగా సన్నబడుతుంది.

అక్కడి నుంచి బ్లెయిర్ అథోల్‌కి రైల్లో అరగంట. ప్రతి రైలూ ఆగదు, టికెట్ కొనేముందే చూసుకోవాలి. కోట శీతాకాలంలో చాలా రోజులు మూసి ఉంటుంది.

లోపల అందరూ తికమకపడేది పేర్లతో. ప్రతి తరంలోనూ జాన్‌లే. పట్టుకోవాల్సింది ముగ్గురు అన్నదమ్ములని: విలియం, జేమ్స్, జార్జ్. పెద్దవాడు విలియం 1715 తిరుగుబాటులో గద్దె పోగొట్టుకున్న స్టువర్ట్ రాజుల పక్షాన చేరి వారసత్వం పోగొట్టుకున్నాడు. అందుకే 1724లో తండ్రి పోయాక జేమ్స్ 2వ డ్యూకయ్యాడు. తిరుగుబాటుదారులు మాత్రం విలియంనే డ్యూకన్నారు. డ్యూకుల నంబర్లలో రెండు రకాల లెక్కలు కనిపించేది అందువల్లే.

1745లో గ్లెన్‌ఫినన్‌లో స్టువర్ట్ రాకుమారుడు చార్లెస్ జెండా ఎగరేసినవాడు ఈ విలియమే. చిన్నవాడు జార్జ్ ఆ సైన్యానికి సేనాని. జేమ్స్ లండన్ రాజు వైపే నిలబడ్డాడు. 1746 మార్చిలో జార్జ్ తన వంశపు కోటనే ముట్టడించాల్సి వచ్చింది. లోపల సర్ ఆండ్రూ ఆగ్న్యూ దళం ఉంది. గోడలు ఏడడుగుల మందం, జార్జ్ దగ్గరున్నవి రెండు చిన్న ఫిరంగులు. గోడ కూలదని తేలాక ఇనపగుండ్లని ఎర్రగా కాల్చి కప్పు మీదికి కొట్టించాడు. లోపలివాళ్ళు వంటింటి గరిటెలతో వాటిని ఎత్తి పారేశారు. రెండు వారాలకి ఇన్వర్నెస్ నుంచి పిలుపొచ్చి ముట్టడి వదిలేశాడు. ఏప్రిల్ 16న కలోడెన్ యుద్ధంలో తిరుగుబాటుదారులు ఓడిపోయారు, అంతా అయిపోయింది. విలియం ఆ జూలైలో లండన్ టవర్ చెరలోనే చనిపోయాడు. జార్జ్ పరదేశం పారిపోయి 1760లో హాలండ్‌లోని మెడెంబ్లిక్‌లో కన్నుమూశాడు. మళ్ళీ ఇల్లు చూడలేదు.

ఆ తర్వాత జేమ్స్ బురుజులు తీయించి కోటని మామూలు భవంతిగా మార్చాడు. ఇప్పుడు బయట కనిపించే బురుజులు 1869 తర్వాత డేవిడ్ బ్రైస్ మళ్ళీ కట్టినవి. పద్దెనిమిదో శతాబ్దాన్ని చూడాలంటే లోపల తల పైకెత్తాలి. మెట్లదారిలో, భోజనాల గదిలో థామస్ క్లేటన్ చేసిన సున్నపు నగిషీ అప్పటిదే.

జేమ్స్‌కి మిగిలిన సంతానం కూతురు షార్లట్. ఆమెని 1753లో జార్జ్ కొడుకు జాన్‌కి, హెర్మిటేజ్ కట్టించిన ఆ కుర్రవాడికే, ఇచ్చి పెళ్ళి చేశారు. మనకి అన్నదమ్ముల బిడ్డలంటే అన్నాచెల్లెళ్ళే, ఊహకి కూడా రాని సంబంధం. అక్కడ ఆ పెళ్ళే దాయాదుల చీలికని పూడ్చింది. తండ్రి రాజద్రోహి అయినా 1764లో జాన్‌ని 3వ డ్యూకుగా ఒప్పుకున్నారు. మరుసటి ఏడాదే భార్యాభర్తలు మాన్ దీవి మీద షార్లట్‌కి వచ్చిన ఏలుబడిని 70,000 పౌండ్లకి ప్రభుత్వానికి వదులుకున్నారు.

డ్రాయింగ్ రూమ్‌లో యోహాన్ జోఫనీ గీసిన వాళ్ళ కుటుంబ చిత్రం ఉంది: నది ఒడ్డున దంపతులు, ఏడుగురు పిల్లలు, చెట్టు మీద చారల తోక లీమర్. తర్వాత లక్నో వెళ్ళి నవాబుల దర్బారు చిత్రాలు గీసిన జోఫనీయే ఇతను. ఇక్కడ తొందరపడకండి. ఆ మగపిల్లల్లో పెద్దవాడే లార్చ్‌ల డ్యూకు. అతని తల్లి తండ్రి రాజు మనిషి, తండ్రి తండ్రి తిరుగుబాటు సేనాని. తండ్రి 1774లో టే నదిలో మునిగి చనిపోయేనాటికి అతనికి 19 ఏళ్ళు.

1777లో ఆ కుర్ర డ్యూకు ఒక రెజిమెంటుని కూడగట్టాడు. 1783లో దాన్ని పోర్ట్స్‌మత్‌లో ఇండియా ఓడలెక్కించబోతే సైనికులు కదిలేది లేదన్నారు. చేరినప్పుడు రాసిచ్చిన గడువు తీరిపోయింది, వాళ్ళ మాటే నెగ్గింది, దళాన్ని రద్దు చేశారు. ఇప్పుడు మే నెలాఖరున కోట ముందు కవాతు చేసే డ్యూకు సొంత దళం అథోల్ హైలాండర్స్‌కి ఆ పేరు అక్కడిదే.

చివరి గది బాల్‌రూమ్. ఇన్వర్ పల్లె ఫిడేలు విద్వాంసుడు నీల్ గో కుర్చీ, వాద్యం అక్కడున్నాయి. ఈ ఇంట్లో వాయించినందుకు అతనికి ఏడాదికి 5 పౌండ్లు ఇచ్చేవారు.