చెయ్యి చాపక్కా

సంక్రాంతికి అరిసెలు వండుతుంటే మూకుడు ఒరిగింది. నూనె పొయ్యి మీద పడి భగ్గుమంది. ఒంటి మీదున్నది నైలాన్ నైటీ. కుడి చెయ్యి, ఛాతీ, పొట్ట కాలాయి. అత్తయ్య బకెట్లతో నీళ్లు కుమ్మరించింది. పక్కింటావిడ టూత్‌పేస్ట్ పులిమింది, పాపం మంచికే. దాన్ని వదిలించడానికి తర్వాత నర్సులు నానా తంటాలు పడ్డారు.

సింగ్‌నగర్ నుంచి ఆసుపత్రికి వెళ్తే డాక్టరు అడిగిన మొదటి మాట, "ఎన్నింటికి కాలింది?" చచ్చిపోతుంటే టైమెందుకు అనుకున్నా. ఒళ్లు 25 శాతం కాలింది, బరువు 60 కిలోలు. ఆ లెక్కన 24 గంటల్లో దాదాపు 6 లీటర్ల సెలైన్ ఎక్కాలి. అందులో సగం, కాలిన 8 గంటల్లోపే. ఆసుపత్రికి వచ్చిన టైము లెక్కలోకి రాదు. నర్సు గంటగంటకీ మూత్రం కొలిచి చెబితే, దాన్నిబట్టి పెంచడం, తగ్గించడం.

రెండో రోజే ఫిజియో అమ్మాయి వచ్చింది. "చెయ్యి చాపక్కా." ముడుచుకుంటేనే నాకు హాయి. అలాగే మానితే చర్మం బిగిసిపోయి మోచెయ్యి ఇక తెరుచుకోదట. ఆ పిల్లని తిట్టినన్ని తిట్లు మా ఆయన్ని కూడా తిట్టలేదు.

డ్రెస్సింగ్ మత్తిచ్చి చేసేవాళ్లు, అందుకని ముందు తిండి ఉండదు. ఎమర్జెన్సీ వస్తే నా వంతు సాయంత్రానికి పోయేది. రోజుకి ఆరు గుడ్లు తినాలన్న డైటీషియన్ ఓ రోజు నా మంచం దగ్గరే మత్తు డాక్టర్ని నిలదీసింది: "ఇలా పస్తులుంచితే పుండు దేంతో మానుద్ది సార్?" మర్నాటి నుంచి పొద్దున్నే మొదటి కేసు నాదే. ఫిజియో కూడా ఆ టైముకే వచ్చి, నేను మత్తులో ఉండగా చెయ్యి పూర్తిగా చాపి చూసుకునేది.

తొడ మీద చర్మం తీసి చేతికి అతికించారు. కాలిన చోటు కన్నా తొడే ఎక్కువ మండింది! అతికిన చర్మం కదలకూడదని అయిదు రోజులు చెయ్యి ముట్టొద్దన్నారు సర్జన్. ఆ అయిదు రోజులూ ఫిజియో వచ్చి వేళ్లు మాత్రం ఆడించి వెళ్లేది.

అద్దం చూసుకోలేక ఏడ్చిన రోజుల్లో కౌన్సెలర్ వచ్చి కూర్చునేవారు. ఆ సంగతి ఇంకోసారి చెప్తా.

ఇంటికొచ్చాక మచ్చలు ఉబ్బకుండా ఒంటికి బిగుతు తొడుగు, రోజుకి 23 గంటలు. బెజవాడ మే నెలలో! మొన్న జడ వేసుకుంటుంటే చెయ్యి తల వెనక్కి వెళ్లింది. అత్తయ్య మాత్రం ఇంకా మూకుడు ముట్టుకోనివ్వట్లేదు.