1986 వరద గుర్తుల కొలత: రెండు ఇళ్ల మధ్య 46 సెంటీమీటర్ల తేడా

రాజమహేంద్రవరంలో రేవుకు దిగే పల్లపు వీధుల పెద్దవారి జ్ఞాపకాలను సేకరించే పనిలో ఈసారి 1986 వరద నీటిమట్టం విషయంలో ఒక చిక్కు తేలకుండా మిగిలింది. భద్రాచలానికి లాంచీలు నడిచిన రోజుల గురించీ, 1997లో సెలవు తీసుకున్న హేవ్‌లాక్ వంతెన గురించీ చేసిన రికార్డింగులు చక్కగా వచ్చాయి.

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరి, ధవళేశ్వరం మీదుగా దాదాపు 35 లక్షల క్యూసెక్కులు సముద్రానికి పోయిన నాటి నీటిమట్టాన్ని ఒకే వీధిలోని రెండు ఇళ్లు గుర్తు పెట్టుకున్నాయి. మొదటి ఇంటి వసారాలో టేకు స్తంభం మీద ఆ ఇంటి పెద్ద ఉలితో గీసిన గీత ఉంది. రెండో ఇంట్లో గీత లేదు గానీ, ఎనభై దాటిన మామ్మగారి మాట ఉంది. నీళ్లు మూడో మెట్టు దాకా వచ్చాయని ఆవిడ చేత్తో మెట్టు చూపించి మరీ చెప్పారు.

రెండు ఇళ్ల మధ్య దూరం 140 మీటర్లు. తాపీ మేస్త్రులు వాడే, నీళ్లు నింపిన 20 మీటర్ల లెవెల్ పైపుతో మట్టాన్ని అంచెలంచెలుగా మోసుకెళ్లి, అదే దారిలో వెనక్కి తెచ్చి చూస్తే బయలుదేరిన గీతకు 1.5 సెంటీమీటర్ల తేడాలో ముగిసింది. ఇలాంటి పనికి ఫోన్‌లోని జీపీఎస్ చూపించే ఎత్తు మీటర్ల కొద్దీ తప్పుతుంది, లేజర్ గీత ఎండలో కనిపించదు, కాబట్టి నా దృష్టిలో నీళ్ల పైపును మించిన సాధనం లేదు. అయినా మామ్మగారు చూపించిన మెట్టు స్తంభం మీది గీత కంటే 46 సెంటీమీటర్లు ఎత్తున తేలింది. గోదావరి వాలు ఇక్కడ చాలా తక్కువ కనుక, అంత వరదలోనైనా 140 మీటర్లకు ఒకటి రెండు సెంటీమీటర్లకు మించి తేడా వస్తుందని నేను అనుకోను.

అనుమానం మొదట మెట్ల మీదికే పోయింది. ఇప్పుడు పైకి కనిపించే మెట్లు మూడే. పై రెండూ ఒక్కొక్కటి 17 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే, అడుగుది రోడ్డు మీద 9 సెంటీమీటర్లే ఉంది. ఏ మేస్త్రీ అలా కట్టడు కనుక మిగతాది రోడ్డు కిందికి పోయినట్టే. మామ్మగారు కాపురానికి వచ్చినప్పుడు అయిదు మెట్లు ఉండేవట. పాత లెక్కలో మూడోది ఇప్పుడు కనిపించే మొదటిదే అవుతుంది. ఈ ఊహకు బలమైన ఆధారం ఆవిడ మరో మాటలోనే ఉంది: "అరుగు మీద ధాన్యం బస్తాలకు తడి తగల్లేదు బాబూ." పై మెట్టు అరుగుతో సమానంగా ఉంది కాబట్టి, నీళ్లు నిజంగా అంత ఎత్తుకు వచ్చి ఉంటే బస్తాలు తడిసి తీరాలి. ఆ లెక్కన 34 సెంటీమీటర్లు తీసేయవచ్చు. ఇంకా 12 మిగులుతాయి.

ఆ 12 సెంటీమీటర్లే నన్ను నిద్రపోనివ్వడం లేదు. స్తంభం తల మీద, దూలానికి కింద, రంగు తేడాగా ఉన్న 7 సెంటీమీటర్ల చెక్క దిమ్మ ఒకటి ఉంది. స్తంభం అడుగున కొత్త సిమెంటు కనిపిస్తోంది. చీకిపోయిన అడుగును కోసేసి, స్తంభాన్ని కిందికి దించి, పైన దిమ్మ పెట్టి ఉంటే గీత కూడా 7 సెంటీమీటర్లు దిగిపోతుంది. అప్పుడు తేలవలసినవి అయిదు. నీరు కాస్త తీశాక గీత గీశారా, లేక మామ్మగారి జ్ఞాపకంలో భద్రాచలం దగ్గర 70.8 అడుగులకు చేరిన 1990 వరద కలిసిపోయిందా అన్న రెండు అవకాశాలూ ఉన్నాయి. 1990 వరద తక్కువది కనుక, అది కలిస్తే ఆవిడ చెప్పిన మట్టం ఎక్కువ కాక తక్కువ కావాలి. అందుకే నేను మొదటి దానివైపే మొగ్గుతున్నాను.

మెట్లనే కొలతగా తీసుకుంటే రేవుల దగ్గర కూడా ఇదే ఇబ్బంది. పుష్కరాలకు రేవులను కొత్తగా కట్టినప్పుడల్లా పాత లెక్కలు మారిపోతాయి. కనుక ఇకపై పెద్దవారిని మెట్టు సంఖ్య అడగకుండా, ఏ వస్తువు తడిసింది, ఏది తడవలేదు అని అడగాలని నిర్ణయించుకున్నాను. ఆ సంభాషణలకు జూమ్ హెచ్1ఎన్ రికార్డరే వాడతాను. ఫోను తనంతట తాను రొదను తగ్గించబోయి వృద్ధుల సన్నని గొంతులో మాట చివరలను మింగేస్తుంది, మనకు కావలసిన అంకెలు తరచూ ఆ చివరల్లోనే ఉంటాయి.

రెండో ఇంటి గుమ్మం ముందు తీసిన పెళ్లి ఫోటో ఒకటి వాళ్ల బంధువుల ఆల్బంలో ఉందని తెలిసింది. దాన్ని 1200 డీపీఐలో స్కాన్ చేస్తే మెట్లు అయిదో నాలుగో లెక్కపెట్టవచ్చు. స్తంభం మరమ్మతు చేసిన వడ్రంగి కుటుంబాన్ని కూడా వెతకాలి. ఆ తరువాత 1953 వరద వంతు. అప్పటికి ధవళేశ్వరంలో 1852 నాటి కాటన్ ఆనకట్టే ఉంది, 175 గేట్ల బ్యారేజీ 1982లో వచ్చింది. 1953లో వచ్చిన దాదాపు 30 లక్షల క్యూసెక్కులకు ఈ వీధిలో నీరు ఎక్కడ నిలిచిందో చెప్పగలిగినవారు ఇప్పుడు కొద్దిమందే ఉన్నారు కనుక, వచ్చే వానాకాలం లోపల వారి మాటలు రికార్డు చేయడమే ముందు పని.