నీతి సమానమైతే ఏ పద్యం గెలుస్తుంది? ఎనిమిది పద్యాల పోటీ, మొదటి రౌండు దాకా

ఏడో తరగతి పిల్లలతో శనివారం చివరి పీరియడులో నడుస్తున్న పద్యాల పోటీలో మొదటి రౌండు ముగిసింది. ఇది కంఠస్థం పోటీ కాదు, రాగం పోటీ కాదు. రెండు పద్యాలు ఎదురెదురుగా పెడితే ఏది మెరుగో, ఎందుకో పిల్లలే తేల్చాలి. ఎనిమిది పద్యాలు, నాలుగు జతలు, పీరియడుకు ఒక్క జతే.

జతలు కట్టడం

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. చీటీలు తీసి జతలు కడితే పోటీ పాడవుతుంది. ఏది బాగుందని అడగగానే పిల్లలు నీతికి ఓటేస్తారు. కోపం మీద ఒక పద్యం, చదువు మీద ఒక పద్యం పెడితే ‘చదువు ముఖ్యం కాబట్టి ఇదే’ అంటారు, పద్యం జోలికే రారు. అందుకే ఒకే విషయం మీద ఉన్నవాటినే జతకట్టాం. నీతి రెండువైపులా ఒకటే అయినప్పుడు మిగిలేది చెప్పిన తీరే.

శత్రువుకు మేలు చేయడం మీద వేమన ‘చంపదగినయట్టి శత్రువు’, సుమతి ‘ఉపకారికి నుపకారము’. చుట్టాల మీద రెండూ సుమతివే: ‘అక్కరకు రాని చుట్టము’, ‘ఎప్పుడు సంపద కలిగిన’. కొలత కన్నా గుణం మేలనడానికి ‘గంగిగోవు పాలు’, భాస్కర శతకం నుంచి ‘చదువది యెంత గల్గిన’. పైకి కనిపించేది నమ్మరాదనడానికి ‘మేడిపండు’, ‘ఉప్పు కప్పురంబు’.

కాగితం

ఏ4 కాగితాన్ని అడ్డంగా పెట్టి రెండు పద్యాలూ పక్కపక్కనే, ఒకే సైజు అక్షరాల్లో అచ్చు వేయాలి. కవి పేరు వద్దు. మకుటం కూడా దాచాలి, లేకపోతే ‘వినుర వేమ’ కనబడగానే సగం ఓట్లు అటే. వేమన పద్యంలో మకుటం నాలుగో పాదమంతా ఉంటుంది కాబట్టి తీసేసినా అర్థం చెడదు. సుమతి పద్యాల ఛందస్సు కందం, అందులో ‘సుమతీ’ చివరి మాట మాత్రమే, అక్కడ గీత పెడితే చాలు. ఓటింగ్ అయ్యాక మకుటంతో సహా పూర్తి పద్యం చదివించాలి, అప్పుడే నడక చెవికి అందుతుంది.

కింద కఠిన పదాల అర్థాలే ఇస్తున్నాం: ఖరము అంటే గాడిద, మోహరము అంటే యుద్ధం, నెపము అంటే తప్పు. తాత్పర్యం ఇవ్వకూడదు. ఇస్తే పిల్లలు పద్యం వదిలేసి ఆ రెండు వాక్యాలకే మార్కులేస్తారు.

నలభై నిమిషాల లెక్క

చదవడానికి ఐదు, పదాలకు ఐదు, జట్ల చర్చకు ఎనిమిది. ముగ్గురేసి ఉన్న రెండు జట్లు చెరో రెండు నిమిషాలు తమ పద్యం తరఫున మాట్లాడాలి. తర్వాత మూడు నిమిషాల్లో ఎదుటి పద్యంలో తమకు నచ్చిన ఒక్క మాట చూపించాలి. ఇది వదలొద్దు, వదిలితే వాదన కొట్లాటలోకి దిగుతుంది. ఓటుకు ఐదు. మిగతా పది నిమిషాలు ఓటు చీటీలు చదవడానికి.

చదివేది ఒక్కరే అయి ఉండాలి. గొంతు బాగున్నవాళ్లు ఒక పద్యం, తడబడేవాళ్లు ఇంకొకటి చదివితే ఫలితం ముందే తేలిపోతుంది. రెండోసారి వరస తిప్పి చదవాలి, చివర విన్నదానికే ఓటు మొగ్గుతుంది కాబట్టి. జట్లు ప్రతివారం కొత్తగా చీటీ తీసి వేయాలి.

చేతులెత్తించొద్దు, పక్కవాడి చెయ్యి చూసి ఎత్తుతారు. ఏ4ను ఎనిమిది ముక్కలు చేస్తే ముప్ఫై ఇద్దరికి నాలుగు కాగితాలు సరిపోతాయి. చీటీ మీద పద్యంలోని ఒక మాట రాసి, దాని వల్ల ఏం జరిగిందో ఒక్క వాక్యం రాయాలి. ఉత్త ‘బాగుంది’ అని రాస్తే ఓటు చెల్లదు. సమానమైతే మళ్లీ చదివి మళ్లీ ఓటు. మాస్టారి ఓటు ఉండదు. పదికి మార్కులు వేయించే పద్ధతి పనికిరాదు: అందరూ అన్నిటికీ ఎనిమిదో తొమ్మిదో వేస్తారు, పోలిక అన్నదే జరగదు.

మొదటి రౌండు

శత్రువు జతలో గెలుపు సుమతిది. వేమన పద్యంలో ‘పొసగ మేలు చేసి పొమ్మనుటె చాలు’ అనగానే చేతికి చిక్కినవాణ్ని వదిలేసే దృశ్యం కళ్లకు కడుతుంది. సుమతిలో దృశ్యం లేదు, తర్కం ఉంది: ఉపకారికి ఉపకారం చేయడంలో వింతేముంది అని మొదలుపెట్టి అపకారి దగ్గరికి తెస్తుంది. చీటీల్లో ఎక్కువగా కనబడిన మాట ‘నేర్పరి’. మంచివాడు అనకుండా నేర్పరి అనడం పిల్లలు పట్టుకున్నారు. ఎవరూ అందించకుండానే పట్టుకున్నారు, పోటీ పెట్టిందే ఇందుకు.

చుట్టాల జతకు ఎర్ర పెన్సిళ్లు ఇచ్చి ప్రతి పాదంలో రెండో అక్షరానికి సున్నా చుట్టమన్నాం. ఒకదాంట్లో అక్కరకు, మ్రొక్కిన, నెక్కిన, గ్రక్కున. రెండోదాంట్లో ఎప్పుడు, నప్పుడె, దెప్పలుగ, గప్పలు. ప్రతి పాదంలో రెండో అక్షరం ఒకే హల్లు కావాలన్న ప్రాస నియమం చెప్పకుండానే కాగితం మీద కనబడింది. శబ్దంలో రెండూ సమం కావడంతో తీర్పు బొమ్మ మీదికి మళ్లింది, నిండిన చెరువులో పదివేల కప్పలు గెలిచాయి.

మూడో జతలో ఇబ్బంది నిడివి. భాస్కర పద్యం చంపకమాల, పాదానికి ఇరవై ఒక్క అక్షరాలు. పాదాన్ని రెండు ముక్కలుగా విరిచి అచ్చు వేస్తేనే పిల్లలు తడబడకుండా చదవగలరు. నలపాకంలో ఉప్పు పోలిక నచ్చినా, గరిటెడు–కడివెడు కొలతల పక్కన నిలబడలేదు.

‘మేడిపండు’ ఓడిపోవడం న్యాయమే. బొమ్మ బలమైనదే, కానీ పురుగులకూ పిరికివాని బింకానికీ అతుకు ఎక్కడని ఒక జట్టు అడిగింది, ఎదుటి జట్టు సరైన జవాబివ్వలేకపోయింది. ఉప్పు, కర్పూరం ఒక్కలాగే కనబడతాయి, రుచి చూస్తేనే తేడా తెలుస్తుంది. మనుషులకూ ఆ పోలిక సూటిగా అతుకుతుంది.

సెమీస్‌కు

ఇకపై విషయాలు వేరు కాబట్టి ఛందస్సును బట్టి జతకట్టాం. ఆటవెలదుల్లో ‘గంగిగోవు’, ‘ఉప్పు కప్పురంబు’. కందాల్లో ‘ఉపకారికి’, ‘ఎప్పుడు సంపద’. నీతి మళ్లీ అడ్డం రాకుండా ఈసారి ఓటు చీటీ మీద ఒక ప్రశ్న ముందే అచ్చు వేస్తున్నాం. కందాల జతకు: ఉపమానమే లేని పద్యం, ఉపమానం ఉన్న పద్యం ముందు దేని బలంతో నిలబడింది? ఆటవెలదులకు: మూడో పాదం తీసేస్తే ఏ పద్యం ఎక్కువ నష్టపోతుంది?