పదకొండు నెలల ఇల్లు

సిరిసిల్ల వైపు బొంబాయి పేరు వినని ఇల్లు ఉండదు. మగ్గం పని తెలిసిన మగవాళ్లు ఎంతోమంది ఒకప్పుడు అక్కడి బట్టల మిల్లులకు పోయారు, మా పెదనాన్న కూడా. ఇప్పుడు మా చిన్నమ్మ కూతురు అక్కడ ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తోంది. దాన్ని చూసి రమ్మని, అంటే అసలు సంగతి పెళ్లి మాట కదిపి రమ్మని, చిన్నమ్మ నన్ను పంపింది. కామారెడ్డిలో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు పొద్దున్నే ముంబై. దారి గురించి చెప్పడానికేమీ లేదు, పక్క బెర్తు ఆయన గురక తప్ప.

రైలు ఆగే పెద్ద స్టేషన్ సీఎస్ఎంటీ నుంచి బయటికొచ్చాక వెనక్కి తిరిగి పైకి చూస్తే గుమ్మటం మీద ఒక ఆడమనిషి విగ్రహం, ఒక చేతిలో కాగడా, ఇంకో చేతిలో చక్రం. ప్రగతికి గుర్తట. చెల్లికి చూపిస్తే "అవునా, అక్కడ విగ్రహం ఉందా?" అంది. ఏళ్లుగా ఆ దారినే పోతోంది మరి. తల ఎత్తితే లోకల్ రైలు పోతుంది, ఆ ఊళ్లో అంతే.

లోకల్ గురించి మాత్రం చెప్పాలి. లేడీస్ డబ్బా ఎక్కడ ఆగుతుందో ప్లాట్‌ఫాం మీద చారల గుర్తులుంటాయి, అక్కడ నిలబడితే చాలు, ఎక్కించే పని వెనకున్నవాళ్లు చూసుకుంటారు. ముగ్గురి సీట్లో నలుగురు కూర్చుంటారు. నాలుగో మనిషికి దక్కేది సగం కంటే తక్కువే, ఒక కాలు నడిదారిలో పెట్టి బ్యాలెన్స్ చేసుకోవాలి, అయినా దానికీ పోటీయే. ఎక్కగానే కూర్చున్నవాళ్లను ఎక్కడ దిగుతారని అడగడం అక్కడి పద్ధతి. ఠాణే అని జవాబొస్తే ఠాణే తర్వాత ఆ సీటు అడిగినామెది, మధ్యలో ఎవరైనా కూర్చోబోతే నాలుగు గొంతులు లేస్తాయి. నా ఎదురుగా ఒకామె ఒళ్లో ప్లాస్టిక్ సంచి పరుచుకుని మెంతికూర తెంపుతోంది, ఆకు ఒక కవర్లో, కాడలు ఇంకో కవర్లో, చేతుల వైపు ఒక్కసారి కూడా చూడకుండా, పక్కామెతో అత్తగారి మోకాళ్ల ఆపరేషన్ గురించి మాట్లాడుతూనే. కుర్లా దాటేసరికి కట్ట అయిపోయింది. ఇంటికెళ్లి చేయాల్సిన వంటలో సగం పని రైల్లోనే జరుగుతోందన్నమాట. దాన్ని చూసి ముచ్చటపడేవాళ్లు ఉంటారు గానీ, నాకైతే ఇంట్లో ఆ కూర తెంపిపెట్టే మనిషి ఇంకొకరు లేరా అనే అనిపించింది.

1992 మే 5న చర్చిగేట్ నుంచి బోరివలికి మొత్తం ఆడవాళ్ల కోసమే ఒక లోకల్ వేశారు, లేడీస్ స్పెషల్ అంటారు. అది ఊరి మంచితనం అని నేననుకోను. ఈ ఆడవాళ్లు టైముకు రాకపోతే ఆఫీసులు నడవవు, ఆస్పత్రులు నడవవు, అదీ లెక్క. లెక్క కోసమైనా చోటు దొరికింది కదా అంటుంది చెల్లి. అదీ నిజమే.

ఒకరోజు తెల్లవారకముందే సాసూన్ డాక్‌కి తీసుకుపోయింది. 1875లో కట్టిన రేవు, వాసన సంగతి చెప్పక్కర్లేదు. పడవలు మగవాళ్లవి, సముద్రం మీదికి పోయేది వాళ్లే, కానీ చేప ఒడ్డుకు చేరాక బేరం కోలీలనే అక్కడి జాలరి ఆడవాళ్ల చేతిలో. తొమ్మిది గజాల చీర బిగించి కట్టి, ముక్కుపుడకలు, జడలో పూలు, నోరు తెరిస్తే పక్కవాడు తప్పుకోవాల్సిందే. డబ్బు బొడ్డులో సంచిలోకే పోతుంది. కాస్త అవతల షెడ్డులో ఇంకో రకం ఆడవాళ్లు, వరసగా కూర్చుని రొయ్యలు ఒలుస్తున్నారు, ఎన్ని ఒలిస్తే అంత కూలి. వేళ్ల కొసలు నాని తెల్లబడిపోయి ఉన్నాయి. రెంటి మధ్య పట్టుమని యాభై అడుగులు లేవు. ఇద్దరూ పని చేస్తున్నారు, ఇద్దరూ పొద్దున లేచారు, తేడా అల్లా డబ్బు ఎవరి చేత్తో లెక్కపెడుతున్నారన్నదే.

అక్కణ్నుంచి వర్లీ, పెద్దమ్మ దగ్గరికి. బీడీడీ చాల్స్ అంటారు, ఒంటిగది ఇళ్ల బిల్డింగులు, 1920లలో కట్టినవి, ఒక్కో గది 160 చదరపు అడుగులు. వాటిని కూల్చి 500 అడుగుల ఫ్లాట్లు ఇచ్చే పని నడుస్తోంది, పెద్దమ్మ వాళ్ల వంతు ఇంకా రాలేదు. ఆ గదిలో పెద్దమ్మ మిల్లు కార్మికులకు ఖానావళి నడిపింది. మన జిల్లా నుంచి ఒంటరిగా వచ్చిన మగవాళ్లు నెలకింతని ఇచ్చి రెండు పూటలా తినేవాళ్లు. 1982 జనవరిలో యూనియన్ నాయకుడు దత్తా సామంత్ పిలుపుతో మిల్లులు ఆగిపోయాయి, రెండున్నర లక్షల మంది సమ్మెలోకి వెళ్లారు, చాలామందికి ఆ పని మళ్లీ దొరకలేదు. జీతం లేని మనిషి తిండికేం ఇస్తాడు? "ఆకలితోని వచ్చినోన్ని ఎట్ల పొమ్మంటం బిడ్డా" అంది పెద్దమ్మ. పుస్తెలు అమ్మి బియ్యం తెచ్చింది. సమ్మె గురించి రాసేవాళ్లు యూనియన్ల గురించి, యజమానుల గురించి రాస్తారు, అంతమందికి అంతకాలం అన్నం ఎవరు పెట్టారన్నది మాత్రం ఎవరికీ పట్టదు.

గది పెదనాన్న పేరు మీద ఉండేది. ఆయన పోయాక కొడుకు పేరు మీదికి మారింది. పెద్దమ్మ పేరు ఎందులోనూ లేదు, రేషన్ కార్డులో తప్ప.

చెల్లి ఉండేది ఘాట్‌కోపర్‌లో, ఇంకో ఇద్దరమ్మాయిలతో కలిసి. ఆ ఫ్లాటు దొరకడానికి ఎంతమందికి ఇంటర్వ్యూ ఇచ్చిందో చెప్తుంటే ఉద్యోగానికే నయమనిపించింది. పెళ్లి కాలేదా, రాత్రి ఎన్నింటికి వస్తావు, మగ ఫ్రెండ్స్ వస్తారా, మాంసం వండుతావా. చివరికి పదకొండు నెలల అగ్రిమెంట్, అక్కడ అందరికీ అంతే, గడువు అయ్యాక మళ్లీ మొదటికి. కానీ ఆ కాగితం మీద దాని పేరుంది. ఫైలు తీసి నాకు చూపించింది, వేలిముద్ర, ఫోటో, సంతకం అన్నీ ఉన్నాయి. మా ఇంటి ఆడవాళ్లలో ఒక ఇంటి కాగితం మీద పేరున్నది ఇదొక్కతే, అది కూడా పదకొండు నెలలకు.

పెద్దమ్మ ముందే పెళ్లి మాట ఎత్తితే, ఊరికి దూరంగా ఉన్న బద్లాపూర్ మాట ఎత్తింది చెల్లి. అక్కడ చిన్న ఫ్లాటు చూస్తోందట. రోజూ పోను రాను గంటల ప్రయాణం, నాలుగో సీటు గ్యారంటీ, లోను తీరేసరికి జుట్టు తెల్లబడుతుంది. మరెందుకే అంటే, మహారాష్ట్రలో ఆడవాళ్ల పేరు మీద ఇల్లు కొంటే స్టాంప్ డ్యూటీ 1 శాతం తక్కువ అక్కా, 2021 నుంచి ఉంది, అని లెక్కలు మొదలుపెట్టింది. పక్కన పెద్దమ్మ వింటోంది. "శాతం సంగతి ఇడిశిపెట్టు, పేరు మొత్తం నీదే రాస్తరా?" అని అడిగింది. మొత్తం నాదే పెద్దమ్మా అంది చెల్లి. "అయితే కొను, ఎవ్వల్నీ అడగకు."

ఇంటికొచ్చాక చిన్నమ్మకు ఇదంతా చెప్పాను. చాలాసేపు విని, అదేదో పెళ్లయ్యాక అల్లుడి పేరు మీద కొనుక్కోవచ్చు కదా అంది. 1 శాతం నష్టం చిన్నమ్మా అన్నాను.